పిడికెడు బియ్యం చెప్పే పాఠం

ఆదివారం ఉదయం. ఇంటిల్లిపాదీ స్నానాలు ముగించి, ఉతికిన బట్టలు కట్టుకుని చర్చికి బయలుదేరుతూంటారు. గుమ్మం దాటబోతూ తండ్రి జేబులోంచి పది రూపాయల నోటు తీసి పిల్లవాడి చేతిలో పెడతాడు. ''కానుక సంచీ వచ్చినప్పుడు వెయ్యి, నాయనా!'' అంటాడు. పిల్లవాడు బుద్ధిమంతుడు. దారిలో మిఠాయి కొట్టు కనిపించినా కన్నెత్తి చూడడు. సంచీ రాగానే నోటు అందులో వేసి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. తల్లి మురిసిపోతుంది.

ఇంతకూ ఆ కానుక ఎవరిది? తండ్రిది. ఇవ్వాలన్న తలంపు ఎవరిది? అదీ తండ్రిదే. మరి నడుమ పిల్లవాడు చేసిందేమిటి? బట్వాడా! వెనుకటి రోజుల్లో తపాలా బంట్రోతు ఒకరి డబ్బు తెచ్చి మరొకరి చేతిలో పోసినట్టే. ఇందులో తప్పేమీ లేదు. మంచి అలవాటుకు ఇది మొదటి మెట్టు. కాని ఆ మొదటి మెట్టు మీదనే బిడ్డను పదేళ్ళు నిలబెట్టి, ''మావాడికి దానగుణం అబ్బింది'' అని మనం సంతోషిస్తే మాత్రం వాడికి మిగిలేది బట్వాడా పనే.

క్రైస్తవ కుటుంబాలలో పిల్లలకు చిన్ననాడే నేర్పవలసిన వాటిలో 'గృహనిర్వాహకత్వం' ఒకటని పెద్దలు చెబుతూంటారు. మాట కాస్త బరువైనదే. ఆ బరువు దించి చూస్తే లోపల ఉన్నది ఏ మతం వారి ఇంట్లోనైనా పనికివచ్చే సంగతి. అందుకే నాలుగు మాటలు.

మాటలో ఉన్న మర్మం

తెలుగు బైబిలులో గృహనిర్వాహకుడు అన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. గ్రీకు మూలంలో దానికి 'ఓయికోనోమోస్' అని పేరు. 'ఓయికోస్' అంటే ఇల్లు. ఇల్లు చక్కబెట్టేవాడని అర్థం. నేడు కాలేజీలలో చదివే 'ఎకనామిక్స్' కూడా ఈ మాటకు చుట్టమే! ఆ కాలపు శ్రీమంతుల ఇళ్ళలో ఈ గృహనిర్వాహకుడు యజమాని కాడు. చాలా సందర్భాలలో బానిస. అయినా తాళంచెవుల గుత్తి అతని చేతిలోనే ఉండేది. ధాన్యపు కొట్టు, పనివాళ్ళ బత్తెం, అప్పుల చిట్టా అన్నీ అతనే చూసేవాడు. యజమాని రమ్మని పిలిచిననాడు మాత్రం లెక్క అప్పజెప్పాలి.

ఈ భావం మనకు కొత్తదేమీ కాదు. గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. పొలం చూసేవాడు, శిస్తు వసూలు చేసేవాడు ఆయనే. కాని ఒక్క గింజ కూడా ఆయనది కాదు. గాంధీజీ ధనవంతులకు చెప్పిన ధర్మకర్తృత్వం ఇదే. గీతలోని అపరిగ్రహం అన్న మాట, తాను చదివిన ఇంగ్లీషు న్యాయశాస్త్రంలోని ట్రస్టీ అన్న మాట, ఈ రెండూ ఒకదానికొకటి వెలుగు చూపాయని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు.

అంతదాకా ఎందుకు? పక్కింటి పిన్నిగారు గిన్నెలో పులుసు పోసి పంపుతారు. ఆ గిన్నెను తోమి, ఒట్టిగా పంపడం బాగుండదని, ఇంత పంచదారో, రెండు అరటిపళ్ళో వేసి పంపుతాం. గిన్నె మనది కాదు. అయినా మన గిన్నెకంటె జాగ్రత్తగా చూస్తాం. అన్నిటినీ ఆ గిన్నెలాగా చూడడమే గృహనిర్వాహకత్వం.

ఇక్కడే ఒక మెలిక ఉన్నది. పది రూపాయల్లో ఒక రూపాయి దేవుడిది, తక్కిన తొమ్మిదీ నావి అని చాలామంది అనుకుంటారు. దశమభాగం తీసి పక్కన పెట్టేస్తే బాధ్యత తీరిందనుకుంటారు. గృహనిర్వాహకుడు ఆ మాట అనలేడు. పదీ యజమానివే కదా! ఇచ్చిన ఒక్కదానికే కాదు, ఉంచుకున్న తొమ్మిదింటికీ లెక్క ఉంది. పిల్లలకు మనం సామాన్యంగా నేర్పేది ఆ ఒక్క రూపాయి పాఠం. అసలు పాఠం తొమ్మిది రూపాయలలో ఉన్నది.

ఎసట్లో పొయ్యకముందు

ఈ పాఠాన్ని పుస్తకం లేకుండా, పలక లేకుండా నేర్పిన బడి మన తెలుగుదేశంలోనే ఉంది. తిరునల్వేలి సీమనుంచి వచ్చిన తమిళుడు వి. ఎస్. అజరయ్యగారు 1909లో మిషనరీగా డోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేవరకు ఆ ప్రాంతపు పల్లెలే ఆయన లోకం. ఆ సంఘాలలో అత్యధికులు మాల మాదిగ పేటలవారు. పరుల పొలాలలో కూలిచేసి పొట్టపోసుకునేవారు. చేతిలో రొక్కం ఆడేది కాదు. అలాంటివారు ఏమి ఇవ్వగలరు?

పిడికెడు బియ్యం ఇవ్వగలరు. ఇల్లాలు వంటకు బియ్యం కొలుచుకున్న ప్రతిసారీ, ఎసట్లో పొయ్యకముందే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరుతుంది. కోతల కాలంలో పంట పండుగ. ఒకరు వడ్లు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపిల్ల. ఎవరికున్నది వారు తెస్తారు.

పొయ్యి దగ్గర తల్లి కొంగు పట్టుకుని నిలబడిన పిల్లకు ఇందులో ఎన్ని సంగతులు తెలుస్తాయో చూడండి. తీసింది వండకముందు, తినగా మిగిలింది కాదు. తీసింది మన బియ్యంలోంచి. ఆ పూట మన కంచంలో అంత తగ్గింది. ఇది ఏడాదికొకనాటి పండుగ కాదు, పూటపూటా జరిగే పని. ఉపన్యాసం అక్కరలేదు. రేపు ఆ పిల్లే పిడికిలి ముంచుతుంది.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. పిడికెడు అంటే 50 గ్రాములు అనుకోండి. రెండు పూటలా తీస్తే రోజుకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. ఏడాదికి 36 కిలోల పైచిలుకు. నూరు గడపల పేటలో ఏడాదికి 36 క్వింటాళ్ళు దాటుతుంది! గుప్పెట్లో ఏముందిలే అనే పిల్లవాడిచేత ఈ గుణకారం చేయించి చూడండి. ఈశాన్య దిక్కున మిజోరాం కొండలలో కూడా ఇదే పద్ధతి 1910లో మొదలై నేటికీ సాగుతున్నది. అక్కడి స్త్రీలు వంట వండిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి సంఘానికి ఇస్తారు.

పేదవాడి దగ్గర పుచ్చుకోవచ్చునా?

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న వెయ్యవచ్చు. వెయ్యాలి కూడా. ''కూలినాలి చేసుకునేవాడి కుండలోంచి కూడా గుప్పెడు తియ్యాలా? ఇదేమి ధర్మం?'' అని.

దీనికి రెండు జవాబులున్నాయి. రెండూ పిల్లలకు చెప్పవలసినవే.

మొదటిది: తరతరాలుగా చెయ్యి చాపడమే తప్ప చెయ్యి పైకెత్తి ఇవ్వడం ఎరగని వారికి, ఇవ్వడం అంటే లేచి నిలబడడం. బువ్వకోసం దొరగారి వాకిట నిలబడినవాడే, తన పేటలోని బడికీ, తనకంటె దిక్కులేనివాడికీ తన గుప్పెడు పోస్తున్నాడు. బీదలని చెప్పి వారిని ఇవ్వనివ్వకపోతే, మీరు పుచ్చుకునేవాళ్ళు మాత్రమే అని మరొకసారి చెప్పినట్టు. సంఘాలు పై దేశాల డబ్బుమీద కాక తమ కాళ్ళమీద తాము నిలవాలని అజరయ్యగారు పట్టుపట్టడంలో ఈ ఆత్మగౌరవపు దృష్టి ఉన్నది.

రెండవది: బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథ ఆదివారపు బడిలో పిల్లలందరికీ వచ్చు. ఆ రెండు కాసులూ కలిపితే రోజుకూలిలో 64వ వంతు. రోజుకూలి 640 రూపాయలనుకుంటే, ఆమె వేసింది 10 రూపాయలు! ఆమెకున్నదంతా అదే కనుక అందరికంటె ఎక్కువ వేసిందని యేసు మెచ్చుకున్నాడు. ఇంతవరకే చెప్పి ఊరుకుంటాం. మార్కు సువార్తలో దీనికి సరిగ్గా ముందు ఏమున్నది? పొడుగాటి ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్ళు మింగేసే పెద్దమనుషులను ఆయన తీవ్రంగా ఖండించాడు. ఆ మాట వెనుకనే ఈ కథ వస్తుంది. ఇచ్చేవారి త్యాగాన్ని పొగిడి, పుచ్చుకునేవారి బాధ్యతను దాటవేస్తే కథ సగమే చెప్పినట్టు.

పౌలు ఈ సంగతి బాగా ఎరిగినవాడు. యెరూషలేములోని బీదలకోసం చందా పోగుచేసినప్పుడు, డబ్బు తానొక్కడే పట్టుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన జాగ్రత్త. కాబట్టి పిల్లవాడు, ''మనం వేసిన డబ్బు ఏమవుతుంది?'' అని అడిగితే కసరకండి. చర్చిలో ఏటేటా చదివే జమాఖర్చు కాగితం వాడికి చూపండి. ఇంత బడికి, ఇంత వైద్యానికి, ఇంత పైకప్పు మరమ్మతుకు అని వేలుపెట్టి చదివించండి. ఆ ప్రశ్న అడిగినవాడే రేపు సంఘపు డబ్బు చేతికి వస్తే భద్రంగా చూస్తాడు.

పాతిపెట్టినవాడి భయం

తలాంతుల ఉపమానం మరీ ప్రసిద్ధం. యజమాని దూరదేశం వెళుతూ ఒకడికి అయిదు తలాంతులు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి ఇచ్చాడు. మొదటి ఇద్దరూ రెట్టింపు చేశారు. మూడోవాడు మట్టిలో పాతిపెట్టాడు. నేడు తలాంతు అంటే పాటో, బొమ్మలు గీయడమో, ఏదో ఒక నేర్పు అని వాడుక. కాని ఆనాడు అది పెద్ద సొమ్ము. ఒక తలాంతు 6,000 దేనారాలు. దేనారం రోజుకూలి. ఏడాదికి 300 పనిదినాలు వేసుకున్నా, ఒక్క తలాంతు 20 ఏళ్ళ కూలి! మూడోవాడికి దక్కింది కూడా తక్కువేమీ కాదన్నమాట.

ఈ కథలో తల్లిదండ్రులు గమనించవలసినవి రెండున్నాయి. అయిదు సంపాదించినవాడికీ, రెండు సంపాదించినవాడికీ యజమాని చెప్పిన మెప్పు ఒకటే. ఒక్క మాట కూడా తేడా లేదు. అన్నకు తొంభై మార్కులు, తమ్ముడికి అరవై వచ్చినప్పుడు మన మెప్పు ఎలా ఉంటుందో మనకు తెలుసు. తమ్ముడు తనకున్న శక్తికొద్దీ చదివాడా లేదా అన్నది గృహనిర్వాహకత్వంలో ప్రశ్న. అన్నతో పోటీ కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. మూడోవాడు దొంగ కాడు. తాగుబోతు కాడు. పైసా పోగొట్టలేదు. ఎందుకు పాతిపెట్టాడు? భయపడి. యజమాని కఠినుడని అతడి నమ్మకం. పోతే ఏమంటాడోనన్న బెదురు. ఆ బెదురే అతడిని చెడగొట్టింది.

మన ఇళ్ళలో ఈ మూడోవాళ్ళను మనమే తయారుచేస్తూంటాం. పిల్లకు పండుగనాడు తాతగారు వంద రూపాయలిస్తారు. ''పారేస్తావు, ఇలా తే'' అని తల్లి బీరువాలో పెట్టేస్తుంది. పిల్లవాడు పెన్ను పోగొట్టుకుంటే వీపు చిట్లుతుంది. పుస్తకం స్నేహితుడికి ఎరువిస్తే చివాట్లు. ఇక ఆ బిడ్డ ఏమి నేర్చుకుంటాడు? ఏదీ ముట్టుకోకుండా, ఎవరికీ ఇవ్వకుండా, దాచిపెట్టడమే క్షేమమని నేర్చుకుంటాడు. పెద్దయ్యాక దాన్నే పొదుపు అనుకుంటాడు. బాధ్యత నేర్పాలంటే, పోగొట్టుకునే స్వేచ్ఛ కూడా ఇవ్వాలి. పది రూపాయలు పోగొట్టుకోవడానికి పదేళ్ళ వయసు మంచిది. నలభయ్యో ఏట పది లక్షలు పోగొట్టుకోవడంకంటె.

ఇంట్లో చెయ్యదగిన పనులు

మరి చెయ్యవలసిందేమిటి? పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు.

పిల్లలకు వారానికి కొంత సొమ్ము, చిన్నదే అయినా, వాళ్ళదిగా ఇవ్వండి. రొక్కంగా ఇవ్వండి. ఈ రోజుల్లో కూరలబండి దగ్గరనుంచి కానుకలదాకా అంతా ఫోనుమీద చెల్లిపోతున్నది. డబ్బు చేతిలోంచి వెళ్ళడం పిల్లల కంటికి కనబడడమే లేదు. నాణేలు లెక్కపెట్టి, ఇది ఖర్చుకు, ఇది దాచడానికి, ఇది ఇవ్వడానికి అని వాళ్ళే విడదీయాలి. కొరింథు సంఘానికి పౌలు చెప్పిన పద్ధతి కూడా ఇదే: ఆదివారం ఆదివారం ఎవరి రాబడికి తగినట్టు వారు కొంత తీసి ఉంచడం. ఎంత ఇవ్వాలో బిడ్డనే తేల్చుకోనివ్వండి. రూపాయే వేస్తే రూపాయే. అది బట్వాడా కాదు, కానుక.

ఒక చిన్న పుస్తకంలో జమాఖర్చు రాయించండి. వారం చివర చూడండి. ''ఎందుకు తగలేశావు?'' అనవద్దు. ''ఏం చేశావు? ఏమనిపించింది?'' అనండి. లెక్క అడగడం వేరు, తప్పు పట్టడం వేరు.

పెద్ద పిల్లలకు ఒక కథ చెప్పండి. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీ అనే బోధకుడుండేవాడు. మన మెదక్‌లో 1924లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చి ఆయన అనుయాయుల సంఘం కట్టించినదే. ఆక్స్‌ఫర్డులోని ఒక యువకుడి సంగతి ఆయన తన ప్రసంగంలో చెప్పాడు. ఆ యువకుడికి ఏడాదికి 30 పౌన్ల రాబడి. 28తో గడుపుకుని 2 దానం చేశాడు. మరుసటి ఏడు రాబడి 60. అప్పుడూ 28తోనే గడిపి 32 ఇచ్చాడు. మూడో ఏట 90; ఇచ్చింది 62. నాలుగో ఏట 120, ఇచ్చింది 92. ఆ యువకుడు వెస్లీయేనని చాలామంది అభిప్రాయం. జీతం పెరిగితే ముందు పెరిగేది ఏమిటి? ఖర్చా, ఇవ్వగల శక్తా? ఈ ప్రశ్న పిల్లలకంటె మనకే ఎక్కువ అవసరమేమో!

వస్తువులకూ లెక్క ఉంది. అయిదు రొట్టెలు, రెండు చేపలు ఇచ్చింది ఒక చిన్న కుర్రవాడు. అవి యవల రొట్టెలు, అంటే బీదల తిండి. వేలమంది తిన్నతరువాత యేసు ఏమన్నాడు? మిగిలిన ముక్కలు ఏరండి, ఏదీ వృథా పోరాదన్నాడు. పన్నెండు గంపలు నిండాయి. అంత అద్భుతం చేసినవాడే ముక్కలు ఏరించాడని చెబితే, కంచంలో అన్నం వదిలే పిల్ల ఆలోచిస్తుంది. ధార కారే కుళాయి కట్టడం, లైబ్రరీ పుస్తకం మడత పెట్టకుండా తిరిగి ఇవ్వడం, చిన్నదైపోయిన గౌను ఇంకా బాగున్నప్పుడే ఇచ్చెయ్యడం, ఇవన్నీ ఆ గంపలే.

మిగలడం ఒకటి, మిగల్చడం ఒకటి. పొలం అంచులదాకా కొయ్యవద్దనీ, పరిగె బీదలకూ పరదేశులకూ వదలమనీ మోషే ధర్మశాస్త్రంలో ఉంది. రూతు అలా పరిగె ఏరుకునే బతికింది. పరిగె అన్న మాట మన పల్లెల్లోనూ ఉన్నదే. అంతా ఊడ్చుకోకుండా, పక్కవాడికి కొంత వదిలి కొయ్యడం కూడా నేర్పాలి.

ఇక ఒక హెచ్చరిక. ''నువ్వు పది వేస్తే దేవుడు వంద ఇస్తాడు'' అని పిల్లలకు చెప్పకండి. అది భక్తి కాదు, బేరం. పరీక్ష తప్పిననాడు ఆ బిడ్డ తన పది రూపాయలు వెనక్కు అడిగితే ఏం జవాబు చెబుతాం? ముందే మన చేతికి వచ్చింది కనుక ఇస్తున్నాం. రాబోయేదానికి బయానాగా కాదు.

చివరగా, పిల్లల లెక్క చూసే పెద్దలు తమ లెక్క కూడా పిల్లల ముందు విప్పాలి. ఈ నెల ఇంత వచ్చింది, ఇంత అద్దెకు, ఇంత నాయనమ్మ మందులకు, ఇంత మనకంటె అవసరం ఉన్నవారికి అని చెబితే, ఇల్లు గడవడం ఎలాగో వాళ్ళకూ తెలుస్తుంది. కానుకకు పది రూపాయలిచ్చే తండ్రి పనిమనిషి జీతంలో వంద కోస్తూంటే, పిల్లలు నేర్చుకునేది ఆ వంద రూపాయల పాఠమే.

పిల్లలు కూడా దేవుడు అప్పగించిన సొత్తేనని బైబిలు చెబుతుంది. అంటే ఇల్లూ పొలమూ బ్యాంకు పుస్తకమూ మాత్రమే కాదు, ఈ బిడ్డలూ మన ఆస్తి కారు. కొంతకాలం మన చేతికి వచ్చినవారు. వారిని భయంతో పాతిపెట్టామా, నమ్మి పనిలో పెట్టామా అన్నదే తల్లిదండ్రులు చెప్పవలసిన లెక్క.